సంతాప దినాల్లో ఒక ర్యాపర్ కథ

మా రేడియో స్టేషన్‌లో పాశ్చాత్య సంగీత కార్యక్రమం పెట్టాలంటే మూడు కాగితాలు నింపాలి. ప్రసంగం పెట్టాలంటే ఒకటి చాలు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పులకు చాలావరకు ఇంతకంటే పెద్ద కారణాలు లేవు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి అనుభవాలు చెప్పమంటారు. గోదావరి వరదల్లో టవరు ఎక్కి తీగ కలిపిన వీరగాథ ఏదో వస్తుందని ఆశగా చూస్తారు. నేను ఈ కాగితాల సంగతే చెబుతాను. ఇప్పటివరకు మధ్యలో ఎవరూ లేచి వెళ్లలేదు. కుర్చీ తలుపుకు అడ్డంగా వేసుకుంటాను.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, టేకు చెట్లు మొదలయ్యేచోట మా స్టేషన్. టవరు ఇరవై మైళ్ల నుంచి కనిపించేది. మేం పక్క వీధిలో నడిచినా ఎవరికీ కనిపించేవాళ్లం కాదు. గొంతు వినగానే మాత్రం కిరాణా కొట్టాయన తూకం ఆపి, "అరె, మీరు రేడియో సారు కదా, ఇంత పొట్టిగున్నరేంది?" అనేవాడు. ఆ గుర్తింపుతోనే సర్వీసంతా గడిపాను.

ఇది పది పదిహేనేళ్ల కిందటి మాట. యువజనుల కార్యక్రమం నా చేతిలో ఉండేది. భద్రాచలం నుంచి సారపాకకు ఆటోలో వెళ్తుంటే డ్రైవరు ఒక పాట పెట్టాడు. అది గోదావరి వంతెన ఈ చివర మొదలై ఆ చివర అయిపోయింది. కింద నీళ్లు కూడా తాళానికి ఊగుతున్నట్టనిపించింది. సగం ఇంగ్లిష్, సగం మరేదో భాష.

"ఏం పాట తమ్మీ ఇది?" అన్నాను.

"తెల్వది సార్. బేస్ మంచిగుంటది."

అంత క్లుప్తమైన సంగీత విమర్శ నేను అంతకుముందూ తర్వాతా వినలేదు. పాడిందెవరో వారం తర్వాత తెలిసింది. చెప్పింది ఒక అమ్మాయి. ఈ కథ ఆమెదే.

భద్రాచలంలో మూడు తరాలుగా పెళ్లి బ్యాండు నడిపే ముస్లిం కుటుంబం ఆమెది. తండ్రి క్లారినెట్ మాస్టరు. ఏడాదిన్నరగా మా దగ్గరికి వచ్చి శ్రోతల ఉత్తరాలు చదివిపెట్టేది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పైకి దగ్గర పడుతోంది. సమస్య అక్కడే ఉంది. అనౌన్సర్ల ప్యానెల్‌లోకి తీసుకోవడానికి వయోపరిమితి ఉంది. ఆమెకు అది ఆ నెలాఖరుతో దాటిపోతుంది. అంతకుముందు రెండుసార్లు పరీక్షకు కూర్చుంది. మొదటిసారి తెలుగు విభాగం వాళ్లు ఆమె తెలుగులో ఉర్దూ వాసన ఉందన్నారు. రెండోసారి ఉర్దూ విభాగం వాళ్లు ఆమె ఉర్దూలో తెలుగు వాసన ఉందన్నారు. రెండు కాగితాలూ ఆమె ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకుంది.

మూడో అవకాశం, చివరిది, మిగిలింది. అరగంట కార్యక్రమం తానే రాసి లైవ్‌లో చెప్పాలి. దాన్ని పై ఆఫీసు నుంచి వచ్చే అధికారి స్వయంగా కూర్చుని వినాలి. ఆయన మా అడవి వైపు రెండేళ్లకోసారి వచ్చి, రాత్రి దోమలతో పరిచయం చేసుకుని, తెల్లారి మొదటి రైలుకే వెళ్లిపోయేవాడు. అంటే ఆమెకు ఉన్నది ఒకే ఒక్క సాయంత్రం.

"ఏ విషయం మీద రాస్తవమ్మా?" అని అడిగాను.

"అమెరికాల ఒక ర్యాపర్ ఉన్నడు సార్. క్యూబా నుంచి పోయినోళ్ల కొడుకు. క్లబ్బులల్ల ఇప్పుడు ఆయన పాటలే."

"గిరిజన సంక్షేమం మీద రాయరాదు? ఆ పెద్దసారుకు ఇష్టం."

"అది అందరు రాస్తరు సార్. ఈయన సంగతి నాకు తెలిసినట్టు ఎవ్వరికి తెల్వదు." చేతిలోని ప్లాస్టిక్ కవరు సర్దుకుంటూ, "రెండు భాషలోళ్లు ఇద్దరు ఎల్లగొట్టిన మనిషి సార్" అంది.

ఇంక నేను గిరిజన సంక్షేమం మాట ఎత్తలేదు.

నాలుగు రోజుల్లో స్క్రిప్టు తెచ్చింది. బాగుంది. ఇరవై ఎనిమిది నిమిషాల కార్యక్రమంలో పన్నెండు నిమిషాలు ఆమె మాట, పదహారు నిమిషాలు అయిదు పాటలు. నేను ఆమోదపత్రం తీశాను. 'పాశ్చాత్య సంగీతం' అని రాస్తే మూడు ఫారాలు. ప్రతిదానిలోనూ పాట మొదటి పంక్తి, భాష, భావం రాయాలి. ఆ భాష నాకు రాదు. భావం ఆటో డ్రైవరు ఒక్కడే చెప్పగలిగాడు, దాన్ని ఫారంలో రాయలేను. 'కార్యక్రమ స్వభావం' అన్నచోట 'ప్రసంగం' అని రాసేశాను.

"సార్, అయిదు పాటలున్నది ప్రసంగం ఎట్లయితది?" అందామె.

"మధ్యల నువ్వు మాట్లాడుతున్నవ్ కదా. అయితది."

అలా ప్రపంచంలోని క్లబ్బులన్నీ ఊపేస్తున్న ర్యాపర్ మా రికార్డుల్లో ప్రసంగంగా నమోదయ్యాడు.

అనుకున్న రోజు వచ్చింది. మా స్టేషన్ హెడ్ సెలవులో ఉన్నారు కాబట్టి ఇన్‌ఛార్జిని నేనే. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచేసరికి పై ఆఫీసు నుంచి ఫోన్. దేశంలో ఒక పెద్దాయన కన్నుమూశారు. ఏడు రోజులు సంతాప దినాలు. సినిమా పాటలు, జానపదాలు, నాటికలు, సంగీత కార్యక్రమాలు అన్నీ రద్దు. గంభీరమైన వాద్యం తప్ప ఏదీ వినిపించరాదు. వార్తలు, ప్రసంగాలు యథాతథం.

ఆ చివరి ముక్క నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండోసారి కూడా అదే చెప్పారు.

మా దగ్గర గంభీరమైన వాద్యానికి మూడు సీడీలుండేవి. షెహనాయి, వీణ, సారంగి. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మా ఇంజినీరు వాటిని వరసగా తిప్పుతున్నాడు. మూడు గంటలకల్లా సారంగి సీడీ ఒకచోట గీరుకుని అదే మూలుగు మూడుసార్లు మూలిగింది. "దుఃఖంలో అంతే, మాట రాదు" అని ఆయన దాన్ని అలాగే వదిలేశాడు.

అధికారి మూడున్నరకు దిగారు. సన్నగా, తెల్ల చొక్కా మీద ముడత లేకుండా, రైలులో నిలబడి వచ్చినట్టున్నారు. కళ్లజోడు సర్దుకుని డ్యూటీ చార్టు చూశారు. చార్టంతా ఎర్ర గీతలు. కొట్టివేయకుండా మిగిలింది వార్తలు, వాతావరణం, వరి నారుమడులు, తర్వాత సాయంత్రం అయిదున్నరకు 'ప్రసంగం'.

"దీని విషయమేమిటండీ?"

"ఒక సంగీతకారుడి జీవితం సార్."

"బాగుంది. సందర్భోచితం" అన్నారాయన.

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెబితే నాకొక మెమో వస్తుంది. దానివల్ల కొత్తగా పోయేదేమీ లేదు, నా ఫైల్లో అప్పటికే వాటి కుటుంబమంతా ఉంది. కానీ కార్యక్రమం రద్దవుతుంది. స్క్రిప్టు ముందుగా ఆమోదం పొంది ఉండాలన్నది నియమం, కాబట్టి అప్పటికప్పుడు ఇంకో విషయం మాట్లాడిద్దామన్నా కుదరదు. రేపు ఆయన రైలెక్కుతారు, నెలాఖరుకు ఆమెకు వయసు దాటుతుంది. నా బద్ధకానికి ఆమె జీవితాంతం ఉత్తరాలు చదువుతూ కూర్చోవాలి. నేను నోరు మూసుకుని టీ తెప్పించాను.

నాలుగున్నరకు ఆమె వచ్చింది. కొత్త చుడీదారు, చేతిలో సీడీ, వెనక తండ్రి. ఆయన మెడ వరకు బొత్తాలు పెట్టిన చొక్కా వేసుకుని, చంకలో పొడుగాటి పెట్టె పెట్టుకున్నాడు. తెల్లారి చండ్రుగొండలో పెళ్లి ఉందట. కూతురి ప్రోగ్రాం అయ్యాక అటునుంచి అటే బస్సెక్కుదామని క్లారినెట్ వెంట తెచ్చుకున్నాడు.

"గట్ల నిలబడ్డరేంది సార్?" అందామె నన్ను చూసి.

"పాటలు లేవమ్మా."

"స్టేషన్ మిషన్ ఖరాబైందా? నా ఫోన్ల గూడ ఉన్నయి సార్."

"ఎందుల ఉన్నా లేనట్టే. సంతాపం." విషయం చెప్పాను. కాగితాల సంగతి, నేను రాసిన మాట సంగతి, లోపల టీ తాగుతున్న పెద్దమనిషి సంగతి, అన్నీ.

ఆమె ముఖం చూడలేక నేను ఫ్యాను వైపు చూశాను. అది కూడా తిరగడంలేదు.

"అంటే నాకు పన్నెండు నిమిషాల మాటే ఉన్నది. మిగిలిన పదహారు నిమిషాలు?"

రేడియోలో నిశ్శబ్దం ఎంత పెద్ద నేరమో మీకు తెలిసే ఉంటుంది. అర నిమిషం గొంతు ఆగితే జనం రేడియోను తడతారు, ఇంకో అర నిమిషానికి మమ్మల్ని తిడతారు. స్టేషన్‌లో ఉన్న షెహనాయి సీడీతో నింపుదామంటే అది పరీక్ష కాదు. అభ్యర్థి తన సమయం తానే నింపుకోవాలి.

"నిదానంగ చదువు బిడ్డా" అన్నాడు ఇంజినీరు.

"ఎంత నిదానంగ సార్?"

"ఇరవై ఎనిమిదికి సరిపోయేంత."

ఆమె ప్రయత్నించింది. "అట్లాంటిక్... సముద్రం... దాటి... వచ్చిన... ఒక... తల్లి..."

"ఇట్లయితే ఆ పిలగాడు పుట్టేసరికే టైమైపోతది" అన్నాను.

వరండా బెంచీ మీద కూర్చున్న తండ్రి ఇంతసేపూ వింటున్నాడు. గొంతు సవరించుకుని లేచాడు.

"సాబ్, నాకొకటి చెప్పున్రి. నోటితోని పాడొద్దన్నరా, బాజా గూడ వద్దన్నరా?"

"సంతాపంగా ఉండే బాజా వాయించొచ్చు."

"అరె! గదే కదా మా పని."

నాకు అర్థం కాలేదు. ఆయన పెట్టె బెంచీ మీద పెట్టి, క్లాసులో పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"మాకు పొద్దుగాల్ల పెండ్లి ఉంటది, పగటీలి శవం ఉంటది. రెండిటికి రెండు పాటలు నేర్చుకునే టైం మాకేడిది సాబ్? పాట గదే. పెండ్లికి ఉరికిస్తం, శవానికి నడిపిస్తం."

"ఏ పాటైనా?"

"ఉరికేటిది ఏదైనా నడుస్తది. మీరు ఆపకుంటే చాలు."

"ఈ క్యూబా పాటలు నీకెట్ల వస్తయి బాబా?" అంది కూతురు.

"ఎందుకు రావు బేటీ? సారపాక మిల్లు పోరగాండ్లు పెండ్లి బరాత్‌ల ఊకుంటరా? మొన్న ఒక్క రాత్రికి ఏడు సార్లు కొట్టిపిచ్చిన్రు. పెదవులు పగిలినయి."

క్లారినెట్ బిగించి, వరండాలోనే మొదలుపెట్టాడు. నేను ఆ పాటను ఆటోలో విన్నాను, సంతలో విన్నాను, పక్కింటి వినాయక నిమజ్జనంలో మూడు గంటలు విన్నాను. గుర్తుపట్టలేదు. కింద డ్రమ్ము దడదడ తీసేశాక, తాళం నాలుగింతలు నెమ్మదించాక, అందులోంచి ఇంకేదో బయటికొచ్చింది. ఎవరో ఒడ్డున నిలబడి, తిరిగి రాని పడవను చూస్తున్నట్టుంది. ఇంజినీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దుమ్మని చెప్పాడు.

కూతురు మాత్రం స్క్రిప్టు తిరగేస్తోంది. నాలుగో పేజీ పట్టుకుని అరిచినంత పనిచేసింది.

"సార్, నేను రాసిన చూడున్రి. వాళ్లింట్ల అమ్మానాన్నలు వినేటి క్యూబా పాటల తర్జు, అదే బాణీ, తీసుకుని, కింద క్లబ్బు డ్రమ్ము పెట్టి ఉరికిచ్చిండు ఆయన. బాబా దాన్ని మళ్ల ఇంటికి తోల్కొచ్చిండు!"

"నేనేడికి తోల్కొచ్చిన? నిదానం చేసిన, గంతే" అన్నాడు తండ్రి.

ఆమె అప్పటికే పెన్ను తీసింది. ప్రతి పాటకు ముందు రెండు పంక్తులు కొత్తగా రాసుకుంటోంది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఆడిషన్ అయిన కళాకారుడు తప్ప ఎవరూ మా మైకు ముందు వాయించకూడదు. ఈయన వాయించి నిద్రలేపని వాడలేదుగానీ, ఆడిషన్ మాత్రం కాలేదు. నేను ఆమోదపత్రం తీసి చాలాసేపు చూశాను. సంగీతం గురించి చెబుతూ మధ్యలో నమూనాకు వాయించి చూపడం మా దగ్గర ఉన్న పద్ధతే. దానికి పేరు కూడా ఉంది. 'ప్రసంగం' ముందు కొంచెం ఖాళీ కనిపించింది. అక్కడ 'సోదాహరణ' అని రాశాను. పాత అక్షరాలు నీలం సిరా. నా జేబులో ఉన్నది నల్ల పెన్ను. మనిషి హడావిడిలో ఉన్నప్పుడు రంగులు చూడడు.

అయిదున్నర. ఎర్ర దీపం వెలిగింది. అద్దానికి అవతల ఆమె, పక్కన తండ్రి. ఇవతల ఇంజినీరు. డ్యూటీ రూమ్‌లో స్పీకరు ముందు అధికారి, ఆయన పక్కన ఉద్యోగధర్మం కొద్దీ నేను.

ఆమె మొదలుపెట్టింది. నెలల తరబడి చెప్పి విసిగిపోయాను, గొంతు పైకి లేపకమ్మా అని. ఆ రోజు సంతాప దినమన్న భయంతో తగ్గించింది. ఆ తగ్గించిన గొంతు ఎంత బాగుందో అప్పటివరకు నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

"ఇంట్లో స్పానిష్, గల్లీలో ఇంగ్లిష్. అమ్మ పిలిస్తే ఒక భాషలో పలికేవాడు, దోస్తులు పిలిస్తే ఇంకో భాషలో. పాట రాస్తే రెండూ వచ్చేవి. స్పానిష్ రేడియోవాళ్లు ఇది ఇంగ్లిష్ పాట అన్నారు. ఇంగ్లిష్ రేడియోవాళ్లు ఇది స్పానిష్ పాట అన్నారు. డ్యాన్స్ చేసేవాళ్లు మాత్రం ఏమీ అడగలేదు."

అధికారి తల కొంచెం పక్కకు వంచారు. అది మెచ్చుకోవడమో మెడనొప్పో ఆయనతో పనిచేసినవాళ్లకు కూడా తెలియదంటారు.

మొదటి పాట వచ్చింది. తండ్రి ఊదాడు. నాలుగు స్వరాలయ్యాక ధ్వని సన్నబడిపోవడం మొదలైంది. నేను పరుగెత్తి అద్దంలోంచి చూశాను. బ్యాండువాళ్లు నిలబడి వాయించలేరు. క్లారినెట్ పీక నోట్లో పెట్టగానే కాలు ముందుకు పడుతుంది. ఆయన కళ్లు మూసుకుని, ముందు కనిపించని పాడెను అనుసరిస్తూ స్టూడియో గోడవైపు నడిచిపోతున్నాడు. ఇంజినీరు అద్దం మీద చేతులు ఊపుతున్నాడు. కూతురు లేచి, చప్పుడు కాకుండా వెళ్లి, తండ్రి చొక్కా వెనక పట్టుకుని నెమ్మదిగా మైకు దగ్గరికి లాక్కొచ్చింది. ఆ తర్వాత అయిదు పాటలూ అయ్యేవరకు ఎడమ చేత్తో చొక్కా, కుడి చేత్తో స్క్రిప్టు పట్టుకునే ఉంది.

చిన్న చిన్న చోట్ల పాడడం, మెల్లగా పేరు రావడం, ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు పాట పాకడం, చివరికి సముద్రాలు దాటి గోదావరి వంతెన మీది ఆటో వరకు రావడం, అన్నీ చెబుతోంది. ఒక మనిషి ఎదుగుదలను ఒక్కో మెట్టూ చెబుతూ ఉంటే, ప్రతి మెట్టు దగ్గరా ఆ క్లారినెట్ నిట్టూరుస్తోంది.

మూడో పాట నడుస్తుండగా డ్యూటీ రూమ్ ఫోన్ మోగింది. నాకంటే ముందు అధికారి అందుకున్నారు.

"అవునండీ... చాలా బాధాకరం... అవును, దేశానికే లోటు..." మర్యాదగా చెబుతున్నారు. ఉన్నట్టుండి ఆగారు. "ఎవరు? క్యూబానా?... ఒక్క నిమిషం ఉండండి."

ఫోన్‌ను అరచేత్తో మూసి నావైపు తిరిగారు.

"ఈ ప్రసంగంలోని కళాకారుడు ఎప్పుడు పోయారు?"

"పోలేదు సార్."

"పోలేదా?"

"నాకు తెలిసినంతవరకు లేదు సార్."

ఆయన నన్ను చూశారు, స్పీకరును చూశారు. స్పీకరులోంచి ఎవరి హృదయమైనా కరిగించే రాగం వస్తోంది. ఫోన్ మీద చెయ్యి తీసి, "మీ సానుభూతి తెలియజేస్తాం" అని పెట్టేశారు.

అది పెట్టగానే ఇంకోటి. సారపాక నుంచి. మిల్లు పని దిగి టీ కొట్టు దగ్గర విన్నవాళ్లు లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారట, కార్యక్రమంలో ఆ ముక్క చెప్పాలని కోరారు. తర్వాత ఒక హైస్కూల్ కుర్రాడు, ఆ ర్యాపర్ సారు కోసం రేపు బడికి సెలవిస్తారా అని. దుమ్ముగూడెం నుంచి ఒక ముసలాయన మాత్రం ఏమీ కోరలేదట. "వాళ్లమ్మ ఎట్లున్నది?" అన్నాడట.

మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే నిశ్శబ్దం. అధికారి చెంపకు చెయ్యి ఆనించుకుని ఒక్కొక్క ఫోనూ ఎత్తారు. చివరివాటికి "చెబుతాను" అన్న ఒక్క మాటే అన్నారు. సంతాప దినాల్లో మా స్టేషన్‌కు అన్ని ఫోన్లు రావడం అదే మొదలు. వాటిలో ఒక్కటి కూడా అసలు కన్నుమూసిన పెద్దాయన కోసం కాదు. ఆయన ఆత్మ నన్ను క్షమించాలి.

సరిగ్గా ఇరవై ఎనిమిది నిమిషాలకు ఎర్ర దీపం ఆరింది. ఆమె చొక్కా వదిలిపెట్టింది. ఆ చొక్కా వెనక పిడికిలి ఆకారంలో నలిగిపోయి ఉంది.

అధికారి అందర్నీ స్టూడియోలోనే ఉండమని లోపలికొచ్చారు. చేతిలో ఆమోదపత్రం. నీలం మాట, నల్ల మాట పక్కపక్కన మెరుస్తున్నాయి. ఆయన దాన్ని నాకు చూపించి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ మడతలోనే నా మెమో ఉందని అర్థమైంది.

తర్వాత తండ్రివైపు తిరిగారు. "మీరు వాయించిన ఆ మూడోది ఏ రాగమండీ? శివరంజని ఛాయ కనిపించింది."

"రాగం నాకు తెల్వది సాబ్. బరాత్ పాట. నిదానం చేసిన."

"బరాత్ పాటా? దాని అసలు వేగం ఎంత?"

తండ్రి కూతురివైపు చూశాడు, కూతురు నావైపు, నేను ఇంజినీరువైపు. ఇంజినీరు మైకులన్నీ ఆపేసి ఉన్నాయా లేదా అని మరోసారి చూసుకున్నాడు.

"ఆ తలుపు వేయండి" అన్నారు అధికారి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

వేశాను. తండ్రి పీక తడి చేసుకుని, పాటను ఉరికించాడు. ఈసారి చొక్కా పట్టుకునేవాళ్లు లేరు కాబట్టి స్టూడియో చుట్టూ తిరుగుతూ వాయించాడు. అధికారి ముఖం ఏమీ మారలేదు. మోకాలి మీద ఉన్న పెన్ను మాత్రం తాళం వేసింది. ఆయన దాన్ని గమనించి జేబులో పెట్టుకున్నారు. అప్పుడు కాలి చెప్పు తాళం వేసింది.

పాట అయ్యాక ఆమెను అడిగారు. "ఆయన పోయినట్టు మీరెక్కడైనా అన్నారా?"

"అనలేదు సార్." చేతిలో స్క్రిప్టు ముందుకు చాపింది. "చూడండి సార్, ఎక్కడా లేదు. మొన్ననే కొత్త పాట కూడా వచ్చిందని చివర్లో ఉంది."

"విన్నాను. అప్పటికే అందరూ ఏడుస్తున్నారు."

ఆయన కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుని పరీక్ష నివేదిక తెరిచారు. ఆమె గోడకు ఆనుకుంది. తండ్రి క్లారినెట్‌ను విప్పి ముక్కలు తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు. అధికారి రాసింది మూడే పంక్తులు. సీలు వేయడానికి నాకే ఇచ్చారు కాబట్టి చదివాను. ఇప్పటికీ కంఠస్థం. 'ఈమె చెబితే శ్రోత నమ్ముతాడు. ఈ రోజు అది కొంచెం ఎక్కువైంది. తీసుకోండి.'

నేను బయటికి చదివాను. చదవకూడదు, అది రహస్య పత్రం. నా ఫైల్లో ఇంకొక మెమోకు చోటుంది.

తండ్రి, "అంటే పాసా సాబ్?" అన్నాడు.

"పాసే" అన్నారు అధికారి. "మొదటి డ్యూటీ రేపు పొద్దున్న. ఒక ప్రకటన ఉంది. నేనే రాసిస్తాను."

కూతురు అప్పుడు ఏడ్చింది. ఆ రోజు జిల్లాలో ఆ కార్యక్రమానికి ఏడవనిది బహుశా ఆమె ఒక్కతే, ఆ లెక్కా సరిపోయింది. తండ్రి ఆమె తలమీద చెయ్యి పెట్టి, "నేను పోవాలె బేటీ, చండ్రుగొండ బస్సు ఎల్లిపోతది" అన్నాడు. మా ఇంజినీరు స్కూటరు మీద బస్టాండు వరకు దింపాడు. సగం దూరం ఆ క్లారినెట్ మాస్టరు వెనక కూర్చుని ఈలతో అదే పాట వేశాడట, పెళ్లి వేగంతో.

మర్నాడు పొద్దున్న వార్తల తర్వాత ఆమె మైకు ముందు కూర్చుంది. అధికారి రైలు వదులుకుని మరీ ఉన్నారు, ప్రకటన తన కళ్లముందే వెళ్లాలని. ఆమె చదివింది. "నిన్నటి సోదాహరణ ప్రసంగంలో ప్రస్తావించిన కళాకారుడు ఆరోగ్యంగా ఉన్నారని శ్రోతలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం." సంతాప దినాల్లో 'సంతోషిస్తున్నాం' అనవచ్చునా అని అధికారి రాత్రంతా ఆలోచించి, చివరికి ఉంచేశారట.

దీపం ఆరిన నిమిషానికే ఫోన్. దుమ్ముగూడెం ముసలాయన. ఈసారి ఆమె ఎత్తింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు ఫోన్ బయటికే వినిపించేది.

"బతికిండా బిడ్డా?"

"బతికే ఉన్నడు తాతా. మంచిగున్నడు."

"మంచి మాట చెప్పినవ్. నువ్వు చెప్పినవ్ గాబట్టి నమ్ముతున్న. నిన్న గూడ నువ్వు చెప్పినవనే ఏడ్సిన."

"నిన్న నేను ఆయన పోయిండని ఏడ అన్న తాతా? ఒక్కసారి గూడ అనలే."

"అవ్, అనలే." ముసలాయన ఒప్పుకున్నాడు. "కానీ మా ఊర్ల బతికున్నోని గురించి అరగంట మంచి చెప్పేటోళ్లు ఎవ్వరు లేరు బిడ్డా. పోయినంకనే చెప్తరు."

ఆమె నవ్వు ఆపుకుంటూ ఫోన్ పెట్టేసి, డ్యూటీ రిజిస్టరు దగ్గరికి జరుపుకుని తన మొదటి సంతకం పెట్టింది. తెలుగులో పెట్టి, పక్కన ఉర్దూలో కూడా పెట్టింది.